రంగు కరిగే గాజు: సత్సుమా కిరికో

ఒకే పాత్ర. ఒకచోట ముదురు ఎరుపు, పక్కనే లేత గులాబీ, ఆ పక్కన తేట గాజు. కానీ వాడిన రంగు ఒక్కటే! ఇదెలా సాధ్యం?

జపాన్ దక్షిణాన ఉన్న సత్సుమా ప్రాంతానికి 1851లో పాలకుడైన షిమజు నారియాకిరా పోషించిన కళ ఇది. 'కిరికో' అంటే కోత గాజు. రాగితో తెచ్చిన ఎరుపు దీని ప్రత్యేకత.

ముందుగా రంగులేని గాజుపై రంగు గాజును మందపాటి పొరగా అతికిస్తారు. వేడికి రెండూ ఇంచుమించు ఒకే మేరకు వ్యాకోచించాలి. లేకుంటే చల్లారేటప్పుడు పాత్ర పగులుతుంది. తర్వాత తిరిగే సాన చక్రంతో ఏటవాలుగా కోస్తారు. పొర పలచనయ్యే కొద్దీ అది పీల్చుకునే కాంతి తగ్గి, రంగు లేతబడుతుంది. ఈ ఛాయలనే 'బొకాషి' అంటారు. పొడవాటి గ్లాసులో రంగునీళ్లు పోసి, పక్కనుంచీ పైనుంచీ చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

1863లో బ్రిటిష్ నౌకాదళంతో జరిగిన యుద్ధంలో కర్మాగారం ధ్వంసమైంది. కొన్నేళ్లకే ఈ విద్య అంతరించింది. దాదాపు వందేళ్ల తర్వాత, 1980లలో, కాగోషిమా పనివారు మిగిలిన పాత పాత్రలను పరిశీలించి దాన్ని మళ్లీ సాధించారు. చేతి నుంచి చేతికి అందే విద్య ఒక తరంలో తెగిపోతే, తిరిగి అతకడానికి ఎంత శ్రమ కావాలో ఈ పాత్రలు చెబుతున్నాయి.