ఇంటి నుంచి కార్యాలయ కంప్యూటరుకు సురక్షిత మార్గం వి.పి.ఎన్.

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు కార్యాలయాలు మూతపడినా, పలువురు ప్రభుత్వాధికారులు ఇళ్ల నుంచే ఈ-ఆఫీసు దస్త్రాలను పరిష్కరించిన విషయం విదితమే. ఇందుకు తోడ్పడిన ఏర్పాటే వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్, అనగా వి.పి.ఎన్. ఇదే పేరుతో రెండు వేర్వేరు సేవలు వాడుకలో ఉన్నందున వార్తా కథనాలలోను, కార్యాలయ ఉత్తర ప్రత్యుత్తరాలలోను అయోమయం ఏర్పడుతున్నది.

దూరాన ఉన్న కంప్యూటరుపై పనిచేయడానికి విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ అనే సదుపాయం ఉంది. ఇది సాధారణంగా 3389వ నంబరు పోర్టు ద్వారా నడుస్తుంది. ఆ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు వదిలివేయడం వీధి వాకిలిని బార్లా తెరచి ఉంచడమే. పాస్‌వర్డులను వరుసగా ప్రయత్నించి చూసే ప్రోగ్రాములు ఇటువంటి వాకిళ్ల కోసం అహోరాత్రాలు గాలిస్తుంటాయి. 2019 మేలో వెల్లడైన ‘బ్లూకీప్’ లోపంతో పాస్‌వర్డు లేకుండానే చొరబడే ప్రమాదం తలెత్తింది. అప్పటికే మద్దతు నిలిపివేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ సంస్థ సవరణ విడుదల చేయడం గమనార్హం.

వి.పి.ఎన్. ఉన్నచోట ఆ వాకిలి బయటివారికి కనిపించదు. ఉద్యోగి ముందుగా వి.పి.ఎన్. ద్వారం వద్ద తన గుర్తింపును రుజువు చేసుకోవాలి. ఆపై ఇరువైపుల మధ్య సమాచారం రహస్య సంకేతాలుగా మారి ప్రయాణిస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్ తెరుచుకునేది ఆ తరువాతే. సాంకేతిక విద్య చదువని ఈ వ్యాసకర్తకు ఇది సీలు వేసిన తపాలు సంచిని తలపిస్తుంది. సంచి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో దారిలోనివారికి తెలుస్తుంది, లోపలి కాగితం మాత్రం తెలియదు. అయితే సీలు రక్షణ దారి వరకే. ఇంటి కంప్యూటరులో వైరస్ ఉన్నట్లయితే అదీ ఆ దారినే కార్యాలయానికి చేరగలదు.

ఇక తాళంచెవి సంగతి. 2021 ఏప్రిల్‌లో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థ నెట్‌వర్కులోకి దుండగులు ప్రవేశించినది వాడుకలో లేని పాత వి.పి.ఎన్. ఖాతా ద్వారానే. ఆ ఖాతాకు పాస్‌వర్డు తప్ప రెండవ ధ్రువీకరణ లేదు. ఫలితంగా సుమారు 8,850 కిలోమీటర్ల ఇంధన పైపులైను కొన్ని రోజులు నిలిచిపోయింది. సంస్థ దాదాపు 44 లక్షల డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించింది. బదిలీ అయిన, పదవీ విరమణ చేసిన ఉద్యోగి ఖాతాను రిలీవింగ్ ఉత్తర్వు వెలువడిన రోజునే రద్దు చేయవలసిన ఆవశ్యకత దీనివల్ల స్పష్టమవుతున్నది. మన కార్యాలయాలలో తాళాలు, రిజిస్టర్లు అప్పగించుకునే శ్రద్ధ ఈ ఖాతాల విషయంలో అంతగా కానరాదు.

రెండవ రకం, చందా కట్టి వాడుకునే వాణిజ్య వి.పి.ఎన్. ఇది వెబ్‌సైట్లకు వినియోగదారుని ఇంటర్నెట్ చిరునామా తెలియకుండా చేస్తుందే తప్ప కార్యాలయ కంప్యూటరుకు దారి చూపదు. ఇటువంటి బయటి సేవలను, అనుమతి లేని రిమోట్ సాఫ్ట్‌వేర్లను ఉద్యోగులు వాడరాదని 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు జారీ చేసింది. చందాదారుల వివరాలను 5 సంవత్సరాలు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం కూడా ఈ రెండవ రకానికే. సంస్థలు తమ సిబ్బంది కోసం నడుపుకొనే వి.పి.ఎన్.లకు అది వర్తించదని ఆ తరువాత వివరణ వెలువడింది. సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్న నిబంధన మాత్రం ప్రభుత్వ కార్యాలయాలకూ వర్తిస్తుంది.