పాకలోని పద్మిని

మా పెరటి పశువుల పాకలో పశువులు లేవు. వానికి మారుగా 11 సంవత్సరములకు మించి ఒక మోటారుకారు గుంజకు కట్టివేసిన ముసలి గొడ్డువలె నిలిచియుండెను. మా మామగారు 1978లో కొనిన ప్రీమియర్ పద్మిని యది. 2012లో ఆయన స్వర్గస్థులైన పిమ్మట దానిని కదలించినవారు లేరు. వెనుక సీటుపై కోళ్లు గ్రుడ్లు పెట్టుచుండెను. పాతయినుము కొనువాడు ఏటేట వచ్చి, ఇంత యిత్తుననియు, వచ్చే యేడు ఇంతకంటె తక్కువయే యిత్తుననియు చెప్పి పోవుచుండెను.

2024 వేసవిలో అత్తగారు దానిని అమ్మివేయుడనిరి. మావారు మారు పలుకలేదు గాని ఆ రాత్రి అన్నము సరిగా తినలేదు. ఆ సంగతి మాకంటె ముందు అత్తగారే కనిపెట్టిరి. తెల్లవారిన తరువాత పిలిచి, "ఈ యేటి కౌలు సొమ్ము 70,000 రూపాయలున్నవి. దానితో నడిపింపగలరేని నడిపింపుడు. దీపావళి నాటికి నడువకున్నచో ఇనుపవానికి ఇచ్చివేయుదము. ఇంతకు మించి ఒక్క కాసు అడుగరాదు" అని ఒడంబడిక చేసిరి. బడిపంతులు ఇంటిలో అది చిన్న మొత్తము కాదు.

సోదరీమణులలో పలువురు ఈ బండిని ఫియట్టనియే యెరుగుదురు. అది నిజమే. ఇటలీ దేశపు ఫియట్ 1100డి నమూనాను బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారమువారు 1964 నుండి తయారుచేయుచుండగా, పద్మిని యను పేరు 1974లో వచ్చినది. అది చిత్తోడుగఢ్ రాణి పేరట. మాకు మాత్రము నాలుగు స్త్రీజాతులలో మొదటిదగు పద్మినియే తలపునకు వచ్చును. తామరపూవు పరిమళము గలదాని పేరు పెట్రోలు కంపు గలదానికి పెట్టినవారి రసికత యెట్టిదో! ఈ బండ్ల తయారీ ఈ శతాబ్ది ఆరంభముననే నిలిచిపోయినది. బొంబాయి వీధులలో నలుపు పసుపు రంగులతో తిరిగిన పద్మిని టాక్సీలు సయితము 2023 అక్టోబరుతో సెలవు తీసికొనినవి.

పూర్వము మామగారి బండి చూచిన వృద్ధ మేస్త్రి ఆదివారములు వచ్చి చెప్పిపోవుట కొప్పుకొనెను. తక్కిన పని మాది. విప్పుట సుళువు, విప్పినదానిని జ్ఞాపకముంచుకొనుట కష్టము. ఖాళీ ఊరగాయ సీసాలలో మరమేకులు వేసి, ఏ భాగమువో చీటీలు వ్రాసి అంటించితిమి. విప్పుటకు ముందు ప్రతి భాగమును సెల్లుఫోనులో ఫొటో తీసితిమి. ఈ రెండు పనులు చేయనివారు అసలు పానా పట్టరాదని మా దృఢాభిప్రాయము.

మొదట చక్రములు కదలలేదు. బ్రేకు చెక్కలు డ్రమ్ములకు తుప్పుతో అంటుకొనిపోయినవి. కర్ణుని రథచక్రమును భూదేవి పట్టుకొనిన తీరున నాలుగింటిని ఎవరో పట్టుకొనినట్లుండెను. కిరసనాయిలు పోసి, కొయ్యసుత్తితో మెల్లగా చుట్టును తట్టగా మూడు దినములకు వదలినవి. ఇంజనును బిగిసిపోయెను. స్పార్కుప్లగ్గులు ఊడదీసి ఆ రంధ్రములలో డీజిలును ఇంజనునూనెను కలిపి పోసి, దినమునకొకసారి ముందరి పుల్లీ మరను పానాతో పట్టి చూచుచుంటిమి. బలవంతపెట్టినచో లోపలి రింగులు విరుగునని మేస్త్రి హెచ్చరిక. పదునొకండవ దినమున వేలెడంత కదలినది. మావారు పిల్లవానివలె కేకవేసిరి.

ఇక తుప్పు. మాది సముద్రపు గాలి సోకు ఊరు. ఈ బండికి లారీకున్నట్లు వేరుగా అడుగు చట్రము లేదు; పైరేకు, నేలరేకు, గుమ్మపు పట్టెలు అన్నియు కలిసియే దాని యెముకలు. కావున నేలరేకునకు చిల్లి పడుట గిన్నెకు చిల్లి పడుటవంటిది కాదు, ఇంటి దూలమునకు చెద పట్టుటవంటిది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడగా డ్రైవరు కాళ్లక్రింద అది అప్పడమునందువలె దిగబడెను. చెడిన రేకు కోసివేసి క్రొత్తది వెల్డింగు చేయించితిమి. ముందుగా పెట్రోలు ట్యాంకు తీసివేయవలెను. నిండిన ట్యాంకుకంటె ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకు ప్రమాదకరము. ఇంతటితో 31,000 రూపాయలు ఖర్చయినవి.

తరువాత ఇంజను గొట్టములు అరిగినవని బోరింగునకు ఒక లేతు దుకాణమున కిచ్చితిమి. దాని పేరెందుకు? ముందు పిస్టన్లు కొని, వాని కొలతకు సరిపోవునట్లు గొట్టములు తొలువవలెను. పిస్టన్లు కొన్ని నిర్ణీతమైన కొలతలలోనే దొరకును. ఆ దుకాణమువాడు ముందు తొలిచి, పిమ్మట పిస్టన్లు తెచ్చుకొనుడని చీటీ వ్రాసి యిచ్చెను. విజయవాడ ఆటోనగరులో రెండు దినములు తిరిగినను ఆ కొలతవి దొరకలేదు. తుదకు గొట్టములలో లైనర్లు దిగగొట్టించి మొదటి కొలతకే తెచ్చుకొంటిమి. అచ్చటితో కౌలు సొమ్ము కడముట్టెను. ఆ యేడు కొనదలచిన బట్టలుతుకు యంత్రము మానుకొంటిమి. ఆ సంగతి అత్తగారికి చెప్పలేదు. బావిగట్టున బట్టలు పిండుచు ఆ లేతువానిని మేము స్మరింపని దినము లేదు.

దసరా సెలవులలో ఇంజను తిరిగి కూర్చితిమి. మొదట తాళము త్రిప్పగా ఫిరంగి ప్రేలినట్లు ప్రేలి, కోళ్లన్నియు పొరుగు దొడ్డిలో పడినవి. మావారు ప్లగ్గుల తీగలను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుసగా తగిలించిరి. ఈ ఇంజనులో నిప్పు పుట్టు క్రమము ఒకటి, మూడు, నాలుగు, రెండు. లెక్కల పంతులే లెక్క తప్పిరి. తీగలు మార్చగా ఇంజను పలికెను. మేస్త్రి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుపై మోపి, పిడి చెవికానించి వినుచుండగా మాకు అశ్వహృదయ మెరిగిన బాహుకుడు జ్ఞప్తికి వచ్చెను. పది నిమిషములు నడచినది. అత్తగారు పాక గుమ్మము వరకు వచ్చి నిలుచుండిరి.

మరునాడు నూనెపుల్ల తీసి చూడగా నూనె చల్ల కలిపినట్లు తెల్లగా నుండెను. నూనెలో నీరు చేరినది. ఇది మావారి తప్పు కాదు, మా తప్పు. ఇంజను తలకాయ అల్యూమినియముది, క్రింది దిమ్మ పోత ఇనుముది. ఆ తలకాయ మరలను నడిమి నుండి మొదలిడి అటొకటి యిటొకటిగా, రెండు మూడు విడతలలో బిగింపవలెను. మేము ఆ పని చేయుచుండగా పొయ్యిమీది పాలు పొంగినవి. పోయి వచ్చి, ఎచ్చట విడిచితిమో మరచి, ఒక కొననుండి గట్టిగా బిగించుకొనుచు పోతిమి. తలకాయ వంగి గ్యాస్కెట్టు కారినది. ఉక్కుబద్ద నిలువున పెట్టి చూడగా బద్దక్రింద వెలుతురు కనబడెను.

దీపావళికి పండ్రెండు దినములున్నవి. చేతిలో సొమ్ము లేదు. బండిపై టార్పాలిను కప్పితిమి. మావారు మమ్మొక్క మాట అనలేదు. అనినను కొంత బాగుండెడిది.

మూడవనాడు మేమే అత్తగారికి అంతయు చెప్పితిమి, బట్టల యంత్రము మాటతో సహా. ఆమె కొంతసేపూరకుండి, "ఆ మరలు ఏ వరుసలో బిగింపవలెనో ఇప్పుడు తెలిసినదా?" అనిరి. తెలిసినదంటిమి. "అయినచో వేరొకరిచేత చేయింపవలదు, నీవే బిగింపుము. గడువు మాట విడిచితిని. సొమ్ము మాట మాత్రము విడువను" అనిరి. తలకాయను చదును చేయించుటకును, క్రొత్త గ్యాస్కెట్టునకును మరి రెండు నెలలు కూడబెట్టితిమి. సంక్రాంతి సెలవులలో వంటయిల్లు అత్తగారి కప్పగించి మరలు బిగించితిమి. నూనె మరల తెల్లబడలేదు.

తక్కినవి చిన్న గండములు. మా చిన్నవాడు క్రొత్తరంగుపై బ్రేకునూనె ఒలికింపగా అరచేతి మేర రంగు ఊడివచ్చెను. ఆ నూనె పడిన వెంటనే నీళ్లతో కడుగవలెను. ఇప్పటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరును తినివేయును గనుక ఇంధనపు గొట్టములన్నియు దానికి తట్టుకొనువానితో మార్చితిమి. రిజిస్ట్రేషను మొదట 15 ఏండ్లకు, పిమ్మట అయిదేసి ఏండ్లకు గదా. మాది 2013లోనే ముగిసెను. బండి మామగారి పేరనుండి మార్పించుకొని, ఆలస్యపు రుసుము చెల్లించి, తనిఖీ చేయించి కాగితములు తెచ్చుకొనుటకు మూడు నెలలు పట్టెను. 50 ఏండ్లు నిండిన బండ్లకు 2021 నాటి కేంద్ర నిబంధనలలో వేరు రిజిస్ట్రేషను కలదు గాని, అట్టి బండిని నిత్యము వాడరాదు. మాకు సంతకు పోవు బండి కావలెను గాని ప్రదర్శనకు పెట్టు బండి యెందుకు?

2025 దసరానాడు కాలువగట్టు వెంబడి మొదటిసారి పోతిమి. అత్తగారు వెనుక సీటులో ఎడమవైపున, పూర్వము తాము కూర్చుండు చోటనే కూర్చుండిరి. రెండు మైళ్లు ఎవరును మాటాడలేదు. పిమ్మట ఆమె, "ఈ సీటులో కొబ్బరిపీచు గ్రుచ్చుకొనుచున్నది. ఇది ఎవరును చూడలేదా?" అనిరి. చూడలేదు. ఈ ఆదివారము అది విప్పవలసియున్నది.