చక్రవర్తి వంటలవాడు

రాజ్యము గోల్పోయి బాహుకుడై ఋతుపర్ణుని అశ్వశాలలో దాగిన నలుడు తన వంట రుచివలననే దమయంతికి పట్టువడిన కథయు, అజ్ఞాతవాసమున భీమసేనుడు వలలుడను పేరిట విరటుని కొలువున గరిటె పట్టిన కథయు మనకు చిరపరిచితములు. ఆ రెండింటను రాజులే వంటవారైరి. వంటవాడు రాజు వెంట చెఱసాలకు పోయి, అచ్చట రాకుమార్తెలకు పిండి పిసుకుట నేర్పిన కథ మాత్రము పురాణమున గాక, మొన్నమొన్నటి రష్యా చరిత్రమున కలదు. ఆతని పేరు ఇవాన్ మిహైలొవిచ్ ఖరితోనొవ్. ఆతడు కొలిచిన ప్రభువు రష్యా కడపటి చక్రవర్తియైన రెండవ నికొలస్.

పండ్రెండేండ్ల ప్రాయముననే రాజభవనపు వంటశాలలో శిష్యుడుగా చేరిన ఖరితోనొవ్, పారిస్ నగరమునకు పోయి సూపులు కాచుటయందు ప్రత్యేకముగా నేర్పు గడించి వచ్చి, క్రమక్రమముగా ప్రధాన పాచకుల వరుసకెక్కెను. సూపులకొకడు, కాల్పుడు మాంసమునకొకడు, మిఠాయిలకొకడుగా పనులు పంచుకొనిన ఆ మహానసమున, ఒక్కొక్క పాచకుడు తన పొయ్యికే సర్వాధికారి. త్సార్‌స్కొయే సెలో యందలి అలెగ్జాండర్ ప్రాసాదములో వంటశాల వేఱొక భవనమందుండెను; అచ్చట సిద్ధమైన వంటకములు నేలలోని సొరంగపు దారి గుండా ప్రాసాదమునకు చేరుచుండెను. వండినవానికిని, భుజించువారికిని నడుమ నంతటి దూరమని దీని భావము.

1914లో మహాసంగ్రామము ప్రారంభమయ్యెను. మరుసటి యేట చక్రవర్తి స్వయముగా సేనాధిపత్యము వహించి మొగిల్యోవ్ లోని ప్రధాన శిబిరమునకు తరలిపోగా, మహారాణియు పెద్ద కుమార్తెలిరువురును ఆసుపత్రిలో క్షతగాత్రుల గాయములకు కట్లు కట్టసాగిరి. యుద్ధ రవాణాతో రైలుమార్గములు క్రిక్కిరిసి, పల్లెలయందున్న ధాన్యము నగరములకు చేరకపోవుటచే రాజధాని పెట్రోగ్రాడ్ వీథులలో రొట్టెల దుకాణముల యెదుట బారులు నానాటికి పెరుగుచు వచ్చెను. 1917 మార్చి 8వ తేదీన రొట్టెకై కార్మికస్త్రీలు వీథులకెక్కిరి. వారము నిండునంతలోనే, 15వ తేదీన, మూడు శతాబ్దుల వంశమునకు చెందిన కిరీటము తొలగిపోయెను.

కిరీటము పోయినను ఆకలి పోదు గదా! కొలువు వీడినవారు వీడగా, ఖరితోనొవ్ మాత్రము ఆ యేడు ఆగస్టులో బందీలైన ప్రభువుల వెంట సైబీరియా లోని తొబోల్స్క్ పట్టణమునకు సకుటుంబముగా తరలెను. అచ్చట ఆతని పని వండుట కంటె సరకులు సమకూర్చుటయే యయ్యెను. 1918 ఆరంభమున రాజకుటుంబమును సైనికుల రేషను క్రిందికి దింపి, మనిషికి నెలకు 600 రూబుళ్లని కట్టడి చేసినప్పుడు, వెన్నయు కాఫీయు భోజనబల్ల నుండి మాయమయ్యెను. ఊరివారును, మఠమందలి సన్యాసినులును పంపిన కానుకలే అప్పుడప్పుడు ఆ లోటు పూడ్చుచుండెను. అంగళ్లవారికి నమ్మకము సన్నగిల్లుచున్నదనియు, ఇక అరువు పుట్టదనియు కావలి సేనానాయకునకు మొరపెట్టుకొనవలసిన దుస్థితి చక్రవర్తి పాచకునకు పట్టెను.

1918 మే 23వ తేదీన ఆతడు భార్యాబిడ్డలను వీడి, రాజకుటుంబమును బంధించిన, యెకతెరీన్‌బర్గ్ లోని ఇపాత్యెవ్ గృహమున ప్రవేశించెను. కిటికీ అద్దములకు సున్నము పూసిన ఆ యింట వెలుగును, గాలియును కూడ కొలతకే లభించుచుండెను. మొదట ప్రభుత్వ భోజనశాల నుండి వేళ తప్పి వచ్చెడి కూడును వెచ్చజేసి వడ్డించుటయే ఆతని వంట. పారిస్‌లో నేర్చిన విద్యకు అంతకు మించిన పరీక్ష యుండునా? జూన్ నడుమ స్వయముగా వండుటకు అనుమతి దొరకెను. మాంసము రుచింపని మహారాణికి సేమియాయే దినదినాహారము. సమీప మఠము నుండి వచ్చు పాలును గ్రుడ్లును మిగిలినవారికి ఊఱట.

ఆ దినములలోనే నలుగురు రాకుమార్తెలు ఆతనియొద్ద శిష్యరికము చేసిరి. రాత్రివేళ పిండి కలిపి, ఉదయమున రొట్టె కాల్చుట నేర్చుకొనిరి. ఆ రొట్టె బాగుగానే కుదిరినదని తండ్రి తన దినచర్యలో మెచ్చుకొనెను. ఏ రొట్టె కొఱకు రాజధాని వీథులలో స్త్రీలు చలిలో బారులు తీరిరో, ఏ రొట్టె దొరకక సామ్రాజ్యము కూలెనో, ఆ రొట్టెనే సామ్రాజ్యపు కుమార్తెలు తమ చేతులతో పిసికి కాల్చుకొనవలసి వచ్చెను.

జూలై ఆరంభమున క్రొత్త అధికారి వచ్చినది మొదలు మఠపు కానుకలకు కూడ కోత పడెను. జూలై 16వ తేదీన అతని యాజ్ఞపై సన్యాసినులు 50 కోడిగ్రుడ్లు తెచ్చి యిచ్చిరి. అవి ఖరితోనొవ్ పొయ్యికి గాక, ఆ రాత్రి పని ముగించుకొని అడవిలో నిలువబోవువారి ఆకలికి ఉద్దేశింపబడినవి. అదే దినమున వంటయింట చేయి సాయముగానున్న బాలుడు లియొనీద్ సెద్నెవ్‌ను, తండ్రి సోదరుడు పిలిచినాడను మిషతో వెలుపలికి పంపివేసిరి; ఆ మిషయే వానికి ప్రాణభిక్ష యయ్యెను. ఆ రాత్రి నేలమాళిగలో పదునొకండుగురు తుపాకులకు బలియైరి: రాజకుటుంబమువారు ఏడుగురు, వైద్యుడు, పరిచారిక, పరిచారకుడు, వంటవాడు.

1998 జూలై 17వ తేదీన, సరిగా ఎనుబది యేండ్లకు, ఖరితోనొవ్ అస్థికలను సెంట్ పీటర్స్‌బర్గ్ లోని పీటర్-పాల్ ప్రధానాలయమున, చక్రవర్తి అస్థికలతోపాటు భూస్థాపితము గావించిరి. జార్ చక్రవర్తుల సమాధులున్న తావున వంటలవానికి చోటేమని విస్మయపడువారుండవచ్చును. కాని ఇపాత్యెవ్ గృహమున, ప్రభువు కోర్కెపైననే, యజమానులును సేవకులును ఒకే బల్ల చుట్టును కూర్చుండి భుజించుచుండిరి. సొరంగమున కీవల పాత్రలు సర్ది పంపిన చేతులవాడు, చెఱసాలలో చక్రవర్తి సహపంక్తిని కూర్చుండెను. ఆ పంక్తి నాడు మొదలైనదే. 1998లో జరిగినది దానికి పునరుద్ధరణము మాత్రమే.