బియర్డ్‌మోర్ హిమానీనదం

అంటార్కిటికా పటంలో రాస్ మంచు ఫలకాన్ని గుర్తించండి. ధ్రువ పీఠభూమి మంచు ట్రాన్స్ అంటార్కిటిక్ పర్వతాల నడుమనుంచి దానిలోకి దిగే దారుల్లో బియర్డ్‌మోర్ ఒకటి. పొడవు సుమారు 200 కిలోమీటర్లు. నదం అన్నాం కదా అని నీటి ప్రవాహాన్ని ఊహించుకోకండి. ఇక్కడ తన బరువుకే వాలు వెంట కదిలేది మంచు.

1908 డిసెంబరులో షాకిల్టన్ బృందం దీని మీదుగానే పీఠభూమి ఎక్కింది. 1912 ఫిబ్రవరిలో, ధ్రువం నుంచి తిరిగివస్తున్న స్కాట్ బృందం అంత నీరసంలోనూ బక్లీ పర్వతం దగ్గర ఆగి రాళ్లు ఏరింది. సుమారు 16 కిలోలు! వాటిని చివరి గుడారం దాకా లాగారు. వారెవరూ బతకలేదు, రాళ్లు మాత్రం దొరికాయి. వాటిలో గ్లాసాప్టెరిస్ ఆకుల శిలాజాలున్నాయి. ఇదే మొక్క ఆనవాళ్లు మన సింగరేణి బొగ్గు పొరల్లోనూ ఉన్నాయి. అప్పట్లో ఆ నేలా, ఈ నేలా గోండ్వానా అనే ఒకే మహాఖండంలో ఉండేవి.