అర్జీలో రూపాయి గుర్తు గల్లంతు

పంట నష్టం అర్జీని ఒక దుకాణంలో టైపు చేయించి, మరోచోట ప్రింటు తీయించుకున్న రైతుకు ఒక్కోసారి వింత ఎదురవుతుంది. సొమ్ము ముందు రూపాయి గుర్తు ఉండదు. దాని స్థానంలో ఖాళీ డబ్బానో, చిన్న ఏటవాలు గీతో కనిపిస్తుంది. టైపు చేసినప్పుడు తెర మీద గుర్తు బాగానే ఉన్నది. మరి దారిలో ఏమైనట్లు?

టైపు మిషన్ల రోజుల్లో ఈ బెడద లేదు. 'రూ.' అని కొట్టి అంకె వేసేవారు. దేవనాగరి 'ర', ఇంగ్లీషు 'ఆర్' అక్షరాలను కలిపి డి. ఉదయకుమార్ రూపొందించిన ₹ గుర్తును కేంద్ర మంత్రివర్గం 2010 జులై 15న ఆమోదించింది. 2011 నుంచి నాణేల మీదకు కూడా వచ్చింది. కాని అంతకు ముందు తయారైన కంప్యూటర్ అక్షరాల్లో, అంటే ఫాంట్లలో, ఆ గుర్తుకు చోటే లేదు.

అందుకని కొన్ని ఫాంట్లలో దానిని వేరే గుర్తు స్థానంలో ఇరికించారు. ట్యాబ్ మీటకు పైనున్న మీట నొక్కితే రూపాయి పడేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే కాగితం తెరిస్తే, ఆ మీటకు అసలు ఉన్న ఏటవాలు గీత బయటపడుతుంది. గుర్తు బొమ్మే లేని ఫాంటయితే ఖాళీ డబ్బా మిగులుతుంది.

2010 అక్టోబరులో ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూనికోడ్ పట్టికలో రూపాయికి సొంత స్థానం దక్కింది. ఆ సంఖ్య 20బీ9. వర్డ్‌లో ఇంగ్లీషు అక్షరాలతో ఈ నాలుగూ కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే గుర్తు వస్తుంది. సంఖ్య గుర్తులేనివారు 'ఇన్సర్ట్'లో 'సింబల్' తెరిచి, కరెన్సీ గుర్తుల వరుసలో వెతుక్కోవచ్చు. ఇంగ్లీష్ ఇండియా కీబోర్డు పెట్టుకున్నవారికి కుడి ఆల్ట్‌తో 4 నొక్కితే చాలు.

అర్జీదారులు చేయవలసింది మూడే పనులు. ఫైలు వేరేచోటికి పంపేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చి ఇమ్మని అడగాలి. సొమ్మును అంకెల్లోనే కాక అక్షరాల్లో కూడా రాయించాలి. ప్రింటు చేతికి రాగానే, సంతకం పెట్టకముందే, అంకెల దగ్గర ఒకసారి చూసుకోవాలి. గుర్తు స్థానంలో పడ్డ గీతను అంకెగా పొరబడితే, ఆఫీసు చుట్టూ తిరగవలసింది రైతే.

గుర్తు ఎంతకూ కుదరకపోతే, పాత 'రూ.' ఉండనే ఉన్నది. అది ఏ కంప్యూటర్‌లోనూ డబ్బాగా మారదు, తెలుగు అక్షరాలు సరిగా పడితే చాలు.