తుంటి విఱిగిన వృద్ధులు - దేహబలము

వానకాలము వచ్చెనా, కొబ్బరితోటల నీడను కోనసీమ రేవుమెట్లకు నాచు పట్టును. కాలుజాఱి తుంటియెముక విఱిగిన వృద్ధులు లేని గ్రామము మేమెఱుగము.

ఒకే వయస్సు, ఒకే విఱుపు. అయినను ఒకరు కొలది నెలలలో చేతికఱ్ఱతో తోటకు పోవుదురు, మఱియొకరు మంచము దిగరు. ఈ భేదమునకు ముఖ్యకారణము పడుటకు మున్నున్న దేహబలము. కారణము లేక బరువు తగ్గుట, తఱచు అలసట, పిడికిలిపట్టు సడలుట, నడక మందగించుట, పనిపాటలు తగ్గుట: వీనిలో మూడున్నచో దౌర్బల్యమని 2001లో అమెరికా వైద్యపండితులు నిర్వచించిరి. అట్టివారికి శస్త్రచికిత్స పిమ్మట ఊపిరితిత్తులకు నెమ్ము చేరుట, మతి తప్పుట, పక్కపుండ్లు మిక్కుటము. మంచముపై గడచిన ప్రతిదినము ఉన్న కండను కరగించును.

"ముసలిప్రాణము, కోతకు తాళదు" అని కట్టుకట్టించి యింట పరుండబెట్టువారు కలరు. వైద్యుడే వలదన్న వేరుమాట. లేనిచో నిది పెద్ద పొరపాటు. దుర్బలులకే ఆలస్యము ఎక్కువ చేటు. రెండు దినములలోపల శస్త్రచికిత్స జరిగి, మఱునాడే లేపి నిలువబెట్టిన మేలని వైద్యుల మతము. పిమ్మట పథ్యము పేర ఉత్తగంజి పోయుట మాకు సమ్మతము గాదు. చేపలకు కొదవలేని సీమ యిది! చేప, గ్రుడ్డు, పప్పు, పాలు పెట్టి దినదినము నడిపింపవలయును.

70 ఏండ్లు నిండినవారిని ఆదాయభేదము లేక 2024లో ఆయుష్మాన్ భారత్ పథకమున చేర్చిరి. కార్డు ముందే తీయించుకొనుడు. రేవుమెట్ల నాచు గీకించి, పట్టుకొని దిగుటకు వెదురు కట్టుట ఒక్కపూట పని.