అక్వేరియం పైపుల అతుకు: తొందరపడితే కింది ఇంటికీ నష్టం

ఢిల్లీ నైరుతి దిక్కున ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) రూపొందించిన ద్వారక ఉపనగరంలో నివాసాలు అధిక భాగం బహుళ అంతస్తుల సముదాయాలే. అటువంటి ఇంట్లో అక్వేరియం పైపు కారితే తడి కింది ఇంటి పైకప్పుకూ చేరుతుంది. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు గల తొట్టిలో 250 లీటర్ల నీరు పడుతుంది.

పీవీసీ పైపులను కలిపే సాల్వెంట్ సిమెంట్ సాధారణ జిగురు వంటిది కాదు. అందులోని ద్రావణి పైపు వెలుపలి తలాన్ని, ఫిట్టింగ్ లోపలి తలాన్ని మెత్తబరచి ఏకం చేస్తుంది. అతుకు తప్పితే దానిని కోసి పారవేయవలసిందే. సీపీవీసీ పైపులకు వాటికి తగిన సిమెంటునే వాడాలి.

పైపును ఏటవాలుగా కాక తిన్నగా కోయాలి. అంచుల గరుకును, పొట్టును తొలగించాలి. ముందుగా సిమెంట్ లేకుండా అమర్చి, లోతును, దిశను పెన్సిల్‌తో గుర్తించాలి. తరువాత రెండు తలాలకూ సిమెంట్ పూసి, పావు మలుపు తిప్పుతూ చొప్పించి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. ద్రావణి ఆవిరికి నిప్పంటుకునే స్వభావం ఉంది. అందువల్ల కిటికీలు తెరిచి, మంటకు దూరంగా పనిచేయాలి.

విప్పి శుభ్రపరచవలసిన మోటారు వద్ద మాత్రం మరలతో బిగించే యూనియన్ అమర్చడం మేలు.

ఢిల్లీ శీతకాలంలో అతుకు గట్టిపడటానికి ఎక్కువ సమయం పడుతుంది. డబ్బాపై ఉన్న గడువును పాటిస్తూ, కనీసం 24 గంటలు ఆగాలి. పైపులను మంచినీటితో కడిగి, చేపలు లేకుండా ఒక రోజు మోటారు నడిపి, ప్రతి అతుకునూ పొడి కాగితంతో ఒత్తి చూడాలి. కాగితం తడవకుంటేనే చేపలను వదలాలి.